పచ్చి ఎముక, ఎండిన ఎముక

మేయరమ్మ మైకు ముందు నిలబడి ఊరి చరిత్ర చెబుతోంది. ఎట్రుస్కన్ల దగ్గర మొదలుపెట్టింది, రోమన్లదాకా ఇంకా రాలేదు, అక్కణ్ణుంచి ప్రొఫెసర్ బెరార్ది గారిదాకా రావాలంటే ఎంత పొద్దుపోతుందో ఏమో, పోనీ, ముప్పై ఏళ్ళు ఆగినదానికి ఈ గంట ఒక లెక్కా అనుకుంది ఎర్సీలియా. ముందు వరసలో కుర్చీ వేశారు తనకి. పురావస్తు శాఖలో ఎముకలు చూసే అమ్మాయి, పైగా ఊరి పిల్ల, చివర్లో లేచి ప్రొఫెసర్ గారి గురించి నాలుగు మంచి మాటలు చెబుతుందని పిలిచారు. ఒళ్ళో సంచి. సంచిలో రెండు అట్టపెట్టెలు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పొట్టిదాంట్లో ఒక మనిషి కుడి మడమ. పొడుగుదాంట్లో అదే మనిషి మోకాలి కింది ఎముక. పొట్టిపెట్టె తెరుస్తుంది, అది తేలిపోయింది, నెలరోజుల కిందే తేలిపోయింది. పొడుగుపెట్టె ఎందుకు తెచ్చినట్టు. స్టోర్ రూములో వదిలేసి రావచ్చు కదా. పొద్దున బయల్దేరుతూ రెండుసార్లు తీసి పక్కన పెట్టి, మూడోసారి మళ్ళీ సంచిలో దోపింది, తన చెయ్యి తన మాట వినకపోవడం అదే మొదలు.

కిటికీలోంచి సోంపు వాసన వస్తోంది. ఈస్టరు రొట్టెలు కాలుస్తున్నారు కింద బజారులో, ఎల్లుండి శుక్రవారం, క్రీస్తుని శిలువ వేసిన మంచి శుక్రవారం, ఊరంతా పిండి కొట్టుకుంటూ గొలుసులు తోముకుంటూ ఉండే వారం. ఈ వారమే దొరికింది వీళ్ళకి ప్రొఫెసర్ గారిని మోంతెకూపో ఊరి గౌరవ పౌరుణ్ణి చెయ్యడానికి. మంచిదే. జనం ఉంటారు. జనం ఉండాలి. రోమన్లకి ఆ సంగతి బాగా తెలుసు, చంపడం కాదు వాళ్ళకి కావలసింది, చంపడానికి కత్తి చాలు, వాళ్ళు మనిషిని దారి పక్కన ఎత్తుగా నిలబెట్టేవాళ్ళు, సంతకి పోయేవాడు, సంతనుంచి వచ్చేవాడు, గాడిదనెక్కినవాడు, పిల్లనెత్తుకున్నది, అందరూ తలెత్తి చూసి పోవాలి. చూపించడమే శిక్ష. తనూ చూపిస్తుంది. రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు బెరార్ది, ఎనభై దాటినా నిటారుగా, తెల్లటి జుట్టు వెనక్కి దువ్వుకుని, మోకాళ్ళ మధ్య చేతికర్ర పెట్టుకుని. వచ్చీరాగానే వంగి తన చెయ్యి పట్టుకున్నాడు. మెత్తటి చెయ్యి, కాగితాలు తిప్పిన చెయ్యి.

"సెత్తీమియో కూతురివి కదూ? చూశావా అమ్మాయీ, ఆఖరికి మా వైపే వచ్చావు."

మా వైపు. అవతలి వైపున ఎవరున్నట్టో. తను నవ్వింది. నవ్వడం తప్పలేదు, అమ్మ నేర్పిన నవ్వు అది, పళ్ళు కనపడనివ్వని నవ్వు, రొట్టెల దుకాణంలో వరసలో నిలబడ్డ రోజుల్లో అమ్మ నవ్విన నవ్వు. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూనే తిరిగి చూసింది. ఆఖరి వరసలో, తలుపు పక్కన, నాన్న. పెళ్ళికి కుట్టించుకున్న గోధుమరంగు కోటు, మెడ దగ్గర వదులైపోయింది. టోపీ మోకాలి మీద. అటు రెండు కుర్చీలు ఖాళీ, ఇటు రెండు కుర్చీలు ఖాళీ, హాలంతా కిటకిటలాడుతున్నా ఆ నాలుగు కుర్చీల్లోకి ఎవరూ రాలేదు, నిలబడ్డారు గాని రాలేదు. నాన్నకి అదేం పట్టినట్టు లేదు, ఎద్దులబండి అంత జాగా దొరికినట్టు కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. పిలుపు రాలేదు ఆయనకి. నిన్న సాయంత్రం వంటింట్లో అడవి ఆకుకూర బాగుచేస్తూ, కాడలు ఒకవైపు ఆకులు ఒకవైపు వేస్తూ ఉన్నప్పుడు తను చెప్పింది, మడమలో బెజ్జం నీ చువ్వది కాదు నాన్నా, అది శిలువ మేకు, రేపు ఆయన మొహం మీదే చెప్పేస్తాను అని. నాన్న చాలాసేపు ఆకుకూరే చూశాడు. తర్వాత అన్నాడు:

"ఒక్క గుక్కలో చెప్పెయ్యకే. నంజుకుంటూ చెప్పు. ముందు నీళ్ళు తాగు. కళ్ళద్దాలు తుడుచుకో. వాడికి అర్థమయ్యే కొద్దీ వాడి వీపు ఎలా వంగుతుందో నేను వెనకనుంచి చూడాలి."

"నిన్ను పిలవలేదు కదా."

"పెళ్ళికి పిలవాలి గాని చావుకి పిలుస్తారా ఎవరైనా."

అంతే, మళ్ళీ కాడలు ఒకవైపు ఆకులు ఒకవైపు. ఆ చేతులు. అరిచేయి అడ్డంగా చీరుకుపోయిన గీత ఒకటుంది, చువ్వ పట్టి పట్టి పడ్డది. మనిషి నిలువు మీద ఇంకొంచెం పొడుగుండే ఇనుపచువ్వ, పైన అడ్డపిడి, దాన్ని పొలంలో దించుకుంటూ పోతే కింద గోరీ ఉందో లేదో తెలుస్తుంది. ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో అటకమీద అలాంటిది ఒకటి ఉండేది, ఎవరూ ఒప్పుకోరు గాని. ఎదురింటివాళ్ళ పింగాణీ అలమారులో ఉన్న నల్లకుండ ఎక్కణ్ణుంచి వచ్చింది, సంతలోంచా. గోరీల దొంగ అని ఒకడికే పేరు పడింది, దొరికినవాడే దొంగ. నాన్న దొంగే. ఆ మాట నాన్నే అంటాడు, నేను లైసెన్సు లేకుండా తవ్వాను నువ్వు లైసెన్సుతో తవ్వుతున్నావు, అంతే తేడా అంటాడు తన కొలీగ్స్ ఇంటికొచ్చినప్పుడు, వాళ్ళకి వైను పోస్తూ. దొంగ అంటే నాన్నకి నొప్పి లేదు. నొప్పి వేరేచోట ఉంది.

తనకప్పుడు ఎనిమిదేళ్ళు. బండి వెనకాల చువ్వ దొరికింది పోలీసులకి. అదే నెలలో, పాత రోమన్ రోడ్డు పక్క పొలంలో, ప్రొఫెసర్ బెరార్ది తవ్వకంలో ఒక అస్థిపంజరం బయటపడింది. పక్కన కుండ లేదు, దీపం లేదు, నోట్లో నాణెం లేదు, ఏమీ లేని మనిషి, గోతిలోకి దొర్లించేసి మట్టి కప్పేసిన మనిషి. మడమలో ఒక బెజ్జం. కోర్టుకి నిపుణుడిగా వచ్చాడు బెరార్ది, అప్పటికింకా జుట్టు నల్లగా ఉండేది, తను అమ్మ పక్కన బల్లమీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది, నేలకి అందని కాళ్ళు. ఆయన ఆ ఎముక పైకెత్తి చూపించాడు. చచ్చినవాడి మడమలో కూడా చువ్వ దింపిన చెయ్యి ఇది అన్నాడు, నాన్న వైపు చూడకుండా అన్నాడు, చూడటానికి కూడా విలువ లేనట్టు. దొంగతనానికి జరిమానాతో పోయేది. శవాన్ని అవమానించినందుకు జైలు పడింది. నేను ఆ మనిషి ఒంటిమీద చువ్వ వెయ్యలేదు దొరా అన్నాడు నాన్న, ఆ ఒక్క ముక్కే అన్నాడు, అమ్మ తలమీద ఒట్టు పెట్టి మరీ అన్నాడు. ఎవరు వింటారు. అక్కణ్ణుంచి పేరు మారిపోయింది. సెత్తీమియో పోయి మడమగాడు వచ్చాడు. అమ్మ పేరు మడమగాడి పెళ్ళాం. రొట్టెల దుకాణంలో, జనం మధ్యలో, ఎవరిస్తో అనేవాడి గొంతు, ఏం మడమగాడి కూతురా, రొట్టెలో బెజ్జాలెక్కువున్నాయని చెప్పు మీ నాన్నకి, ఆయన పనే అయ్యుంటుంది. నవ్వులు. పిండి అంటిన చేతులతో నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చి రొట్టె అక్కడ పారేసి ఏడిస్తే మర్నాటినుంచి అమ్మ పొయ్యిలో తనే కాల్చడం మొదలెట్టింది, పోయేదాకా కాల్చింది, ఒక్కరోజు కూడా ఆ దుకాణం గడప తొక్కలేదు.

చప్పట్లు. రోమన్లదాకా వచ్చినట్టుంది మేయరమ్మ. ఎవరిస్తో కూడా చప్పట్లు కొడుతున్నాడు, అదిగో ఎడమవైపు రెండో వరసలో, పాడె సంఘం పెద్ద ఇప్పుడు, ఛాతీ మీద సంఘం పతకం. పాడె. మంచి శుక్రవారం రాత్రి ఊరంతా దీపాలార్పి కూర్చుంటే క్రీస్తు పాడె బయల్దేరుతుంది, తెల్ల అంగీలు తొడిగి తలలు ముసుగేసుకున్న మగాళ్ళు కాలికి గొలుసులు కట్టుకుని వట్టికాళ్ళతో రాళ్ళవీధి మీద ఈడ్చుకుంటూ మోస్తారు. పాడె మోతకర్రల్లో వెనక ఎడమ కొమ్ము తమ ఇంటిది. తాత మోశాడు, ముత్తాత మోశాడు, నాన్న మోశాడు. ముసుగులేసుకుంటే ఎవరు ఎవరో తెలియదంటారు గాని తెలియకేం, మడమలు చూస్తే తెలుస్తుంది, వీధి పక్కన అరుగుమీద కూర్చుని నాన్న మడమలు వెతుక్కునేది తను, పగుళ్ళున్న మడమలు, గొలుసు ఒరుసుకుని ఎర్రబడ్డ మడమలు, ఇవి మా నాన్నవి అని వేలెత్తి చూపించేది. జైలునుంచి వచ్చిన ఏడాది సంఘం గుమ్మంలో నిలబడ్డాడు అంగీ ఉతికించుకుని. ఎవరిస్తో అప్పుడు గుమాస్తా అక్కడ. చచ్చిన మనిషిని పొడిచినవాడు దేవుడి శవాన్ని ఎలా మోస్తాడు సెత్తీమియో, నువ్వే చెప్పు అన్నాడు. నాన్న అంగీ చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. కొమ్ము ఎవరిస్తో తమ్ముడికి పోయింది. ఆ రాత్రి దీపాలార్పేసిన ఇంట్లో నాన్న, కిటికీ తలుపులు మూసేసి, గొలుసుల చప్పుడు దగ్గరికొచ్చి దగ్గరికొచ్చి గుమ్మం ముందు నుంచి దాటిపోతుంటే, ఎడమ భుజం కొంచెం ఎత్తిపెట్టి కూర్చున్నాడు. తెలియకుండానే. బరువున్నట్టు. తను చూసింది. అమ్మ కూడా చూసింది, చూసి కొవ్వొత్తి కోసం వెతుకుతున్నట్టు అవతలికి పోయింది.

అందుకే ఎముకల చదువు చదివిందా. ఎవరైనా అడిగితే సైన్సంటే ఇష్టమంటుంది. కాదు. పగంటే ఇష్టం. పగకి చదువులాంటి ఎరువు లేదు, ఎంతైనా పీల్చుకుంటుంది, పైకి పచ్చగానే కనపడుతుంది. రోములో పన్నెండో తరగతి పిల్లల్లా కూర్చుని ఎముకల పేర్లు బట్టీ పట్టిన రాత్రుళ్ళు, సగం జీతానికి సగం ఉద్యోగం చేసిన ఏళ్ళు, ఎక్కడ ఏ పెట్టెలో ఉంటుందో ఆ మడమ అని లోపల ఒక మూల కుక్కలా కాచుకుని ఉండేది. ఆఖరికి పాత స్టోర్ రూము సర్దే పని పడింది తనమీద, అందరూ వద్దన్న పని, ఎలుకలూ బూజూ, తను ఎగిరి గంతేసి ఒప్పుకుంది. నెలరోజుల కింద దొరికింది. చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా అనుకున్నదేమిటంటే, బెజ్జం నిజంగా నాన్నదే అయితే ఏం చెయ్యాలి అని. తర్వాత దీపం కిందకి తెచ్చింది. తర్వాత చాలాసేపు ఏమీ అనుకోలేదు.

పచ్చికర్ర విరగడం వేరు, ఎండుకర్ర విరగడం వేరు, పొయ్యి రాజేసిన ఆడదానికెవరికైనా తెలుసు. పచ్చిది వంగుతుంది, నార వదలదు, విరిగిన చెక్క ఇంకా తల్లికర్రనే పట్టుకుని వేలాడుతుంది. ఎండుది పటుక్కున పోతుంది, ముక్కలు రాలతాయి, లోపలి తెలుపు బయటపడుతుంది. ఈ మడమలో బెజ్జం లోపలివైపునుంచి బయటికి పోయింది. లోపలి అంచున ఎముక పొర కిందకి ఒంగి ఉంది, రాలిపోలేదు, ఒంగి అలాగే అతుక్కుని ఉంది, లోపల రక్తం ఆడుతున్న ఎముక ఒంగినట్టు. అంచు రంగు ఎముక రంగే, టీ రంగు, రెండువేల ఏళ్ళు ఒకే మట్టిలో ఒకేలా ఊరిన రంగు. నాన్న చువ్వ గుచ్చి ఉంటే తెల్లగా ఉండాలి. ఇది మనిషి బతికున్నప్పుడు పడ్డ బెజ్జం. ఎవడో ఆ మనిషి కాలు మానుకి పక్కగా ఆనించి పట్టుకున్నాడు, ఇంకెవడో మేకు పెట్టాడు. చేతులకి తాళ్ళే కట్టి ఉంటారు, చేతుల మీద ఏమీ లేదు. ఎవరి బానిసో, ఏ దొర ద్రాక్షతోటలో పనిచేశాడో, ఏం చేశాడో, ఏమీ చెయ్యలేదో. రోమన్లు వేలమందిని శిలువ వేశారని పుస్తకాలన్నీ చెబుతాయి, ఎముక సాక్ష్యం చూపించమంటే ప్రపంచం మొత్తం వెతికినా వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. శవాల్ని కుక్కలకీ కాకులకీ వదిలేసేవాళ్ళు. మేకులు పీక్కుని పోయేవాళ్ళు జనం, జ్వరానికి మందని, మెడలో కట్టుకుంటే మంచిదని. అంతమంది చస్తే ఒక్కడికి మన్ను దొరికింది. ఆ ఒక్కడు ఈ బెరార్ది చేతిలోకి వచ్చాడు. తన సొంత చేతిలో, కోర్టులో, పైకెత్తి అందరికీ చూపించాడు కూడా. అప్పుడు ఆయన చూసింది శిలువ వేసిన మనిషిని కాదు, బోనులో నిలబడ్డ సెత్తీమియోని. ఊరి మొరటుడు, చువ్వ, బెజ్జం, ఇంకేం కావాలి, అంచు రంగు చూడ్డానికి తల వంచాల్సిన అవసరమే రాలేదు. జన్మకొక్కసారి దొరికేది అరచేతిలో పెట్టుకుని ఒక పేదవాణ్ణి కొట్టడానికి రాయిలా వాడుకున్నాడు. ఇది చెప్పాలి. ఇదే చెప్పాలి, ఈ మాటలతోనే, నీళ్ళు తాగి, కళ్ళద్దాలు తుడుచుకుని. ఆయన రాసిన పుస్తకాలన్నీ ఒకవైపు, ఆయన చూడని ఈ మడమ ఒకవైపు. రేపటినుంచి ఎవరు ఆయన పేరెత్తినా మడమ గుర్తొస్తుంది. పేరు మారిపోతుంది ఆయనక్కూడా.

అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది. ఆ రాత్రి స్టోర్ రూములోనే ఆగిపోయి తలుపేసుకుని ఇంటికి వచ్చేసి ఉంటే. మిగతా ఎముకలు కూడా చూసింది. చూడకుండా ఎలా, అది తన పని. మోకాలి కింది ఎముక, ముందుభాగాన, గోరంత గుంట. అంచులు తెల్లగా. పంటిముక్కలా తెల్లగా. చుట్టూ పెంకు పగిలినట్టు సన్నటి చీలికలు, ఎండిన ఎముక పగిలినట్టు. చువ్వ. మడమ మీద కాదు గాని, చువ్వే. కొంచెం పైన. నాన్న ఆ మనిషి ఒంటిమీద చువ్వ వేశాడు. అమ్మ తలమీద ఒట్టు. చీకట్లో తెలియక వేశాడేమో. కాదు. తనకి పన్నెండేళ్ళప్పుడు ఒకసారి బాగా తాగి ఉన్నప్పుడు చెప్పాడు, చువ్వ మాట్లాడుతుందే పిల్లా, మట్టికి ఒక మాట, పెంకుకి ఒక మాట, కింద ఖాళీ ఉంటే ఒక మాట, ఎముకకి మాత్రం మూలుగుతుంది. నీకెలా తెలుసు మూలుగుతుందని తను అడగలేదు. అడగలేదంటే తెలుసన్నమాట. ఎనిమిదేళ్ళకి కాదు, పన్నెండేళ్ళకి తెలుసు, ఆ తర్వాత పాతికేళ్ళు తెలియనట్టు పెంచుకుంది.

ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. ఎలా చెబుతుంది. ఊళ్ళో ఆ ఒక్క ఒట్టు మీద నిలబడ్డాడు ఆయన, మిగతా అంతా పోయింది. ఇప్పుడు మడమ ఒక్కటి చూపిస్తే ఆయన ఒట్టు నిజమైపోతుంది, ఎవరిస్తో రేపు గుమ్మానికి వచ్చి టోపీ తీస్తాడు, ఎల్లుండి రాత్రి వెనక ఎడమ కొమ్ము. డెబ్బయ్ రెండేళ్ళ భుజం మోయలేకపోయినా పాడె పక్కన చెయ్యి ఆనించి నడిస్తే చాలు. కాలెముక సంగతి ఎవరికి కావాలి. ఎవరు అడిగారు. కానీ మడమ ఒక్కటే పెడితే బెరార్ది జారిపోతాడు. తనకి తెలుసు, తనైతే జారిపోతుంది. రంగు మోసం చేస్తుందండీ, మట్టి మోసం చేస్తుందండీ, ఆ రోజుల్లో ఇంత వెలుతురు లేదండీ, ఎవరి అభిప్రాయం వారిది అని నవ్వుతాడు. వాడు జారకుండా మేకు దిగాలంటే పక్కన కాలెముక పెట్టాలి. ఇది చువ్వ, ఇది చువ్వ కాదు, చూసుకో. ఒకే మనిషి, ఒకే పొలం, ఒకే చువ్వ. అప్పుడు ఇంక మాట ఉండదు. అప్పుడు నాన్నకీ ఉండదు. ఇద్దర్నీ ఒకే మానుకి కొట్టినట్టు. వద్దు. పొట్టిపెట్టె చాలు. పొట్టిపెట్టెతోనే ఆయనకి రక్తం వస్తుంది, చావడు, అంతే కదా, చావకపోతే పోయె.

బెరార్దికి మెడలో పట్టీ వేశారు. ఆయన మాట్లాడాడు, ఏం మాట్లాడాడో చెవులకి అందలేదు, ఈ మట్టి అన్నాడు, ఈ జనం అన్నాడు, మీ దొంగలు కూడా నాకు గురువులే అన్నాడు, జనం నవ్వారు, తల వెనక్కి తిప్పి ఆఖరి వరసకేసి చూసి మరీ నవ్వారు. తర్వాత తన పేరు. లేచింది. సంచి భుజాన వేసుకునే నడిచింది, కింద పెట్టేసి పోవచ్చు కదా, పొట్టిపెట్టె ఒకటి చేత్తో పట్టుకుని. మైకు దగ్గర గ్లాసులో నీళ్ళు. తాగింది. కళ్ళద్దాలు తుడుచుకుంది. వెనక తలుపు పక్కన గోధుమరంగు కోటు కొంచెం ముందుకి వంగింది.

చెప్పింది. నంజుకుంటూనే చెప్పింది. ముందు ఆ ఏమీ లేని మనిషి గురించి, తర్వాత పచ్చికర్ర ఎండుకర్ర గురించి, తర్వాత పెట్టె తెరిచి మడమని నల్లగుడ్డ మీద పెట్టి, వెనక తెరమీద ఫోటో వేయించి, ఆ ఒంగిన పొర మీద వేలు పెట్టి చూపించింది. ఇది మేకు, ఇతన్ని శిలువ వేశారు, ఇతన్ని మీరు చేత్తో పట్టుకున్నారు ప్రొఫెసర్ గారూ, పట్టుకుని మా నాన్నని చూశారు. ఎవరో రొమ్ముమీద శిలువ గుర్తు వేసుకున్నారు. బెరార్ది వీపు వంగిందా, వంగినట్టే ఉంది, ఒక్క క్షణం, కర్రమీద చేతులు మారాయి. తర్వాత మైకు అడిగి తీసుకున్నాడు.

"ముచ్చటేసింది. కూతురంటే ఇలా ఉండాలి," అన్నాడు, ఆ మెత్తటి గొంతుతో. "కానీ అమ్మాయీ, రంగుని నమ్మి ఎంతమంది మునిగిపోయారో నేను చూశాను. మన సెత్తీమియో చువ్వకి కూడా రెండువేల ఏళ్ళ తుప్పు పట్టి ఉండేది లెండి. ఆ తుప్పే అంచుకి అంటుకుని ఉంటుంది. ప్రేమ ఉన్నచోట మేకులు కనపడతాయి, ఏం చేస్తాం."

నవ్వారు. మొదట సన్నగా, తర్వాత హాయిగా, అమ్మయ్య అన్నట్టు, పండగపూట ఇంత పెద్ద పాపం నెత్తిన పడకుండా పోయిందన్నట్టు. ఎవరిస్తో భుజాలు అదురుతున్నాయి. ఆ నవ్వు తనకి తెలుసు, పిండి వాసన వేసే నవ్వు, ఎనిమిదేళ్ళప్పుడు విన్నది, అమ్మ చేత ఆ దుకాణం గడప తొక్కడం మాన్పించిన నవ్వు. నాన్న ముందుకి వంగినవాడు మళ్ళీ వెనక్కి ఆనాడు. ఆయన మొహంలో ఏమీ లేదు, అలవాటు ఉంది. ఆ అలవాటు చూశాక తన చెయ్యి సంచిలోకి పోయింది. నాన్నా, క్షమించు అని కూడా అనుకోలేదు. వీణ్ణి వదలను అనుకుంది, అంతే, వీణ్ణి వదిలితే ఇంక నువ్వు నిర్దోషివై ఏం లాభం.

పొడుగుపెట్టె తెరిచింది. ఎముకని మడమ పక్కన పెట్టింది.

"ఇది అదే మనిషి కాలు. ఈ గుంట చూడండి. అంచు తెల్లగా ఉంది. తుప్పు మరక లేదు. ఎండిన ఎముక పగిలినట్టు పగిలింది. చువ్వ పడితే ఇలా ఉంటుంది ప్రొఫెసర్ గారూ. అదే చువ్వ జానెడు కిందకి వచ్చేసరికి ఎక్కడి తుప్పు తెచ్చుకుంది?"

నవ్వు ఎక్కడిదక్కడ తెగిపోయింది. ముందుగా అర్థమైంది ఎవరిస్తోకి. ప్రొఫెసర్ సంగతి కాదు, ఇంకో సంగతి. కుర్చీలో వెనక్కి తిరిగాడు.

"అయితే పొడిచావన్నమాట సెత్తీమియో. ఒట్టు కూడా పెట్టావు గదా పెళ్ళాం మీద."

నాన్న లేచాడు. టోపీ మోకాలి మీదనుంచి కింద పడింది, తీసుకోలేదు. ఆయన తనకేసి చూశాడు, ఇంత దూరంనుంచి, ఇంతమంది తలల మీదుగా, ఆకుకూర చూసినట్టు చాలాసేపు చూశాడు. అప్పుడు నాన్న మొహం మెల్లగా మారింది. ఆయన నవ్వుతున్నాడు. ఊళ్ళో ఎవరి ముందూ నవ్వని నవ్వు, పళ్ళన్నీ కనపడే నవ్వు.

"పొడిచాను," అన్నాడు. "పైది నాదే. మూలిగింది కూడా, విన్నాను. నా దేలియా తలమీద పెట్టింది దొంగొట్టు, దానికి పైన ఆవిడకే చెప్పుకుంటాను, నీకు కాదు ఎవరిస్తో. కింది దాని మీద నా చెయ్యి పడలేదు. అది ఎవడు కొట్టాడో, దేంతో కొట్టాడో, ఆయన్ని చెప్పమను. చదువుకున్నవాడు గదా."

బెరార్ది లేచాడు, కర్ర కుర్చీకి ఆనించి లేచాడు, బల్లదాకా వచ్చాడు. జేబులోంచి భూతద్దం తీసుకున్నాడు. కాలెముక చూశాడు. తర్వాత మడమ చేతిలోకి తీసుకున్నాడు, కిటికీకేసి తిప్పాడు, మళ్ళీ కాలెముక, మళ్ళీ మడమ. ఆయన చెడ్డ నిపుణుడు కాదు, ఎప్పుడూ కాదు, ఆ కళ్ళు ఇప్పుడు చూస్తున్నాయి, మొదటిసారి చూస్తున్నాయి, ఒంగిన ఆ పొర మీదుగా పోయి ఆగిపోయాయి. ఆయన ఊపిరి మైకులోకి పోయి హాలంతా వినపడుతోంది. మేయరమ్మ మైకు దూరంగా జరపబోతే ఎర్సీలియా దాన్ని పట్టుకుని ఆయన నోటి దగ్గరే ఉంచింది. ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"మేకు," అన్నాడు.

చీమ చిటుక్కుమన్నా వినపడే హాల్లో, తలుపు పక్కన ఇంకా నిలబడే ఉన్న సెత్తీమియో చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"వెనక వరసకి వినపళ్ళేదండీ ప్రొఫెసర్ గారూ. మళ్ళీ చెప్పండి."